ఉప్పుకు బదులు ఒక చెంచా మీసో

మెల్‌బోర్న్ శివార్లలో ఉన్న ట్రుగనీనాలో గోదాముల వరస చివర, టైర్ల షెడ్డుకూ తలుపులు చేసే షెడ్డుకూ మధ్య ఒక చిన్న మీసో ఫ్యాక్టరీ ఉంది. ఏడేళ్ళుగా నేను అక్కడే పని చేస్తున్నాను. సోయా చిక్కుళ్ళను ఉడికించి, మెత్తగా నలిపి, బూజు పట్టించిన బియ్యమూ ఉప్పూ కలిపి నెలల తరబడి తొట్టిలో ఊరబెడితే తయారయ్యే ముద్దే మీసో. జపాన్ వాళ్ళు దాన్ని వేడినీళ్ళలో కరిగించి చారులా తాగుతారు. చూడటానికి ఏడాది ఊరిన చింతపండు పచ్చడిలా ఉంటుంది. వాసన మాత్రం మనకు తెలిసిన దేనికీ సరిగ్గా సరిపోదు.

ఫుడ్ టెక్నాలజీ చదవడానికి కావలి నుంచి మెల్‌బోర్న్ వచ్చాను. చదువయ్యాక ఒక బిస్కెట్ల కంపెనీలో చేశాను, తర్వాత ఇక్కడ కుదిరాను. మా యజమాని అరవై దాటిన ఆస్ట్రేలియన్. వయసులో ఉన్నప్పుడు జపాన్‌లో ఒక కొండ ఊళ్ళో ఉండి, అక్కడి ముసలావిడ దగ్గర ఈ పని నేర్చుకున్నాడట. మంచివాడు, కానీ రోజుకు పది మాటలకు మించి మాట్లాడడు. ప్యాకింగుకు మనుషులు వచ్చే రెండు రోజులు తప్ప షెడ్డులో మేమిద్దరమే.

పనిలో నాకు ఇష్టమైన చోటు బియ్యానికి బూజు పట్టించే గది. ఉడికిన బియ్యాన్ని ఒళ్ళు వెచ్చగా ఉన్నంత వేడికి ఆరనిచ్చి, బూజు పొడి చల్లి, చెక్క పళ్ళేల్లో పరిచి ఆ గదిలో పెడతాం. రెండు రోజుల్లో గింజగింజకూ తెల్లటి నూగు పట్టి, ఉడికిన చిలగడదుంపలాంటి తియ్యటి వాసన వస్తుంది. గది ఎప్పుడూ ముప్ఫై డిగ్రీల వేడిలో, గోడలు చెమర్చేంత తేమతో ఉండాలి. ఇక్కడ చలికాలమైన జూలైలో బయట గాలి చెవులు కోసేస్తుంటే నేను ఆ గదిలోకి వెళ్ళి, ఉండలు కట్టిన బియ్యాన్ని వేళ్ళతో విడదీస్తూ అవసరానికి మించి నిలబడేదాన్ని. పళ్ళేలు తెలుగులో పైకే లెక్కపెట్టేదాన్ని. ఒకసారి మా యజమాని తలుపు తీసి, ఎవరితో మాట్లాడుతున్నావని అడిగాడు.

"బియ్యంతో," అన్నాను.

ఆయన తలూపి తలుపు వేసుకుని వెళ్ళిపోయాడు. అదేమీ వింత కాదన్నట్టే.

నిజంగానే ఆ రోజుల్లో నాతో తెలుగులో మాట్లాడేవాళ్ళు లేరు. చుట్టుపక్కల తెలుగువాళ్ళు లేక కాదు, పక్కనున్న టార్నీట్‌లో ఏ వీధిలో నిలబడినా ఎవరో ఒకరి ఇంట్లోంచి తాలింపు వాసన వస్తుంది. నాతో కలిసి ఇల్లు పంచుకున్న అమ్మాయిలంతా పెళ్ళిళ్ళు చేసుకుని, ఇళ్ళు కొనుక్కుని, పిల్లల పుట్టినరోజుల్లో మునిగిపోయారు. నా పెళ్ళి రెండేళ్ళే నిలిచింది. ఆయన సిడ్నీ వెళ్ళిపోయాక, జంటలుగా పిలిచే ఇళ్ళవాళ్ళకు నన్ను ఒక్కదాన్నే ఎలా పిలవాలో తెలియలేదనుకుంటాను. నేనూ తెలియజెప్పలేదు. ఒక ఇంటి పెరట్లో కట్టిన ఒంటిగది వాటాలో ఉండేదాన్ని. శుక్రవారం సాయంత్రం పని దిగితే, సోమవారం పొద్దున దాకా నోరు తెరిచే పని పడేది కాదు.

రెండేళ్ళ కిందట మా యజమానికి మోకాలి ఆపరేషన్ అయింది. అప్పటిదాకా ఆదివారం మార్కెట్లో ఆయనే కొట్టు పెట్టేవాడు. ఇక నన్ను వెళ్ళమన్నాడు. ఒక స్కూలు మైదానంలో ఆదివారం పొద్దున జరిగే సంత అది. తేనె, రొట్టెలు, మొక్కలు, ఇంట్లో కుట్టిన బట్టలు అమ్ముతారు. నేను ఒక మడతబల్ల వేసి డబ్బాలు పేర్చి, చిన్న కప్పుల్లో వేడి మీసో చారు రుచి చూపించేదాన్ని.

బల్ల ముందు పెట్టిన నల్లబోర్డు మీద సుద్దముక్కతో రాసింది నేనే. కడుపుకు మంచిది. త్వరగా అరుగుతుంది. మాంసకృత్తులు ఎక్కువ. వేడి చెయ్యకుండా ప్యాక్ చేసింది, మేలు చేసే సూక్ష్మజీవులు బతికే ఉంటాయి. రాసినవాటిలో అబద్ధం లేదు. సోయా గింజలు అలాగే తింటే కడుపులో బరువుగా ఉంటాయి. ఊరబెట్టినప్పుడు ఆ బూజు వాటిలోని మాంసకృత్తులను ముందే విడగొట్టి ఉంచుతుంది కాబట్టి ఒంటికి తేలిగ్గా పడుతుంది. పెరుగులాగే పేగులకు కొంత సాయం చేస్తుంది. అయితే ఎవరికి ఎంత మేలు చేస్తుందో ఖాయంగా చెప్పడం కష్టమని చదువుకున్నదాన్ని కాబట్టి నాకు తెలుసు. ఆ మాట రాయడానికి బోర్డు మీద చోటు లేదు. చోటున్నా రాసేదాన్ని కాదేమో.

నాలుగో ఆదివారమో అయిదోదో, నీలం చీర మీద మగవాళ్ళ జాకెట్టు వేసుకున్న ఒక పెద్దావిడ బల్ల ముందు ఆగింది. చేతిలో గోంగూర మొక్క ఉన్న కుండీ. డబ్బా మూత తీసి వాసన చూసి, మొహం చిట్లించి, తనలో తను అనుకుంటున్నట్టు అంది.

"ఏందో ఇది, చెడిపోయిన మినపపిండి మాదిరి."

"చెడిపోలేదు ఆంటీ. ఊరబెట్టింది," అన్నాను.

ఆవిడ తల ఎత్తి చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. "అయ్యో, మనమ్మాయివా! మీదేవూరమ్మా?"

ఆవిడది చీరాల. అప్పటికి మూడేళ్ళ ముందు భర్తతో కలిసి టార్నీట్‌లో ఉన్న కొడుకు దగ్గరికి వచ్చారు. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవరాలు స్కూలుకు వెళ్ళిపోతే పగలంతా ఆ పెద్దింట్లో వాళ్ళిద్దరే. ఆయన రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యారు. మనవరాలికి తెలుగు అర్థమవుతుంది గానీ జవాబు ఇంగ్లీషులో చెబుతుందట. "నేను అన్నం తిన్నావా అంటాను, అది యా అంటది. అంతే మా మాటలు," అని నవ్వింది. చారు కప్పు చేతికిస్తే భయపడుతూ తాగి, కాసేపు ఆలోచించింది.

"బాగుంది. ఏందో తెలియకుండా బాగుంది. ఇది తింటే ఏమవుద్ది?"

నేను చెప్పడం మొదలుపెట్టాను. బోర్డు మీదున్నవీ లేనివీ చెప్పాను. బూజు గది గురించి, తొట్టి మీద పెట్టే రాళ్ళ గురించి, ఏడాది ఊరినదానికీ మూడు నెలలు ఊరినదానికీ ఉన్న తేడా గురించి చెప్పాను. ముగ్గురు గిరాకీలు వచ్చి, నిలబడి, వెళ్ళిపోయారు. ఆవిడ కదల్లేదు. వాక్యం మధ్యలో ఆగి మాట వెతుక్కోకుండా అంతసేపు నేను మాట్లాడి ఎంత కాలమైందో నాకే తెలియదు.

"మా ఆయనకి చప్పిడి తిండి పెట్టమన్నారమ్మా డాక్టర్లు. ఉప్పు తగ్గించేశాను. రెండు ముద్దలు తిని కంచం ముందుకు నెట్టేస్తన్నారు. మనిషి చిక్కిపోయారు," అంది చివర్లో.

ఆ మాటకు నేను అడగాల్సిన ప్రశ్న ఒకటుంది. ఎందుకు తగ్గించమన్నారని. అడగలేదు. ఆ వయసులో అందరికీ ఉండే బీపీ అయుంటుందని అనుకున్నాను.

"ఉప్పుకు బదులు ఇది ఒక చెంచా వేసి చూడండి ఆంటీ. రుచి వస్తుంది," అన్నాను.

పై ఆదివారం ఆవిడ నా బల్ల దగ్గరికే తిన్నగా వచ్చింది. "తిన్నారమ్మా! మారు వడ్డించుకుని మరీ తిన్నారు," అంది. పప్పుచారు దించాక చివర్లో కలిపిందట. మీసో మరగకూడదు, మరిగితే వాసనా పోతుంది, సూక్ష్మజీవులూ చస్తాయని నేను చెప్పింది గుర్తుపెట్టుకుంది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ఒక కొత్త వంట వినేదాన్ని. కాల్చిన వంకాయలో పచ్చిమిరపకాయలతో కలిపి నూరింది. చేప ముక్కలకు పట్టించి పూటంతా ఫ్రిజ్‌లో పెట్టి పెనం మీద వేయించింది. పెరుగులో కలిపి దోసకాయ ముక్కలు వేసింది. ఒకరోజు ఇడ్లీలోకి కొబ్బరి చట్నీలో వేస్తే మాత్రం ఆయన, "ఇడ్లీ జోలికి రాకు," అన్నారట.

నా వారం ఆదివారం చుట్టూ తిరగడం మొదలైంది. ఆవిడకు చెప్పడానికి ఏదో ఒకటి ఉండాలని నేనూ వండేదాన్ని. అంతకు ముందు నెలల్లో రొట్టె ముక్కల మీదే గడిపిన నేను, వెన్నలో కాస్త మీసో కలిపి ఉడికిన మొక్కజొన్నకు రాసి, బాగుందని ఫోటో తీసి పెట్టుకున్నాను. ఆవిడ వచ్చే వేళకు మడతకుర్చీ ఒకటి బల్ల వెనక వేసి ఉంచేదాన్ని. నా పెళ్ళి సంగతి ఒకసారి అడిగింది. చెప్పాను. "పోన్లే," అంది. ఆ తర్వాత వచ్చినప్పుడు నాకోసం సున్నుండలు తెచ్చింది.

ఆరేడు వారాలయ్యాక ఒక ఆదివారం ఆవిడ రాలేదు. వాన పడుతోంది, అందుకనుకున్నాను. తర్వాతి వారం ఎండ కాసింది, అయినా రాలేదు. ఫోన్ నంబరు నా దగ్గర లేదు. వారం వారం కనబడే మనిషిని నంబరడగాలని తోచలేదు. కుర్చీ మడిచి కారులో పెట్టుకుని వెళ్ళిపోయాను. మూడో వారం వచ్చింది. చేతిలో సంచి లేదు. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు.

"ఆయన్ని హాస్పిటల్లో పెట్టారు," అంది. "కాళ్ళు రెండూ వాచిపోయినయి. పడుకుంటే ఊపిరాడలా. అంబులెన్సులో తీసుకుపోయారు."

"ఏమైంది ఆంటీ?"

"ఆయన గుండె బలం తగ్గిందని ఎప్పుడో చెప్పారు. ఉప్పు తింటే ఒంట్లో నీరు చేరుద్దంట. డాక్టరమ్మ అడిగింది, ఇంట్లో ఏం తింటన్నాడని. నేనేం చెప్పాలి? ఒక్క ఉప్పు గల్లు కూడా వెయ్యట్లేదని చెప్పాను. అబద్ధం చెబుతున్నానేమోనని చూసింది నా మొహం. అప్పుడు మావాడు ఫ్రిజ్‌లో డబ్బా సంగతి చెప్పాడు."

ఆవిడ బల్ల మీద డబ్బా ఒకటి తీసుకుని వెనక్కి తిప్పింది. ఉప్పు ఎంతుందో అక్కడ చీమతలకాయలంత అక్షరాల్లో ఉంది.

"ఇది నాకు చదవటం రాదు. నువ్వు చెప్పింది విన్నాను. ఉప్పుకు బదులన్నావు గదమ్మా. బదులంటే ఇందులో ఉప్పు లేదనుకున్నాను. తింటన్నారు గదా అని చెంచా కాస్తా మూడు చెంచాలైంది. మూడు పూటలా."

కోపంగా అనలేదు. కోపంగా అన్నా బాగుండేది. డబ్బాను ఉన్నచోటే జాగ్రత్తగా పెట్టి, కొడుకు కారులో ఉన్నాడని చెప్పి వెళ్ళిపోయింది. ఆ పూట నేను ఎవరికీ చారు పొయ్యలేదు. బోర్డు మీద రాతను జాకెట్టు చేతితో తుడిచేశాను. మీసోలో ఉప్పే కాపలా. అది లేకపోతే తొట్టి కుళ్ళిపోతుంది. ఆ సంగతి నాకంటే బాగా ఆ మైదానంలో ఎవరికీ తెలియదు. అలాంటి నేను, నా మాట వినే మనిషి దొరికిందన్న సంబరంలో, అడగాల్సింది అడగకుండా వదిలేశాను.

సోమవారం మా యజమానికి అంతా చెప్పాను. ఆయన కర్ర పట్టుకుని కుర్చీలో కూర్చుని ఉన్నాడు.

"నాకు నేర్పిన ముసలావిడ రోజుకొక చిన్న కప్పే తాగేది. రెండోది అడిగితే కప్పు కడిగి బోర్లించేది," అన్నాడు. తర్వాత, "వాళ్ళింటికి వెళ్ళావా?" అని అడిగాడు.

వెళ్ళలేదు. ఇల్లెక్కడో తెలియదు. కానీ వాళ్ళ వీధి పార్కు పక్కనేనని, ఇంటి ముందు కుండీల్లో గోంగూర వేసిందని ఆవిడ మాటల్లో విన్నాను. రెండు వారాలు ధైర్యం చాలలేదు. మూడో శనివారం టార్నీట్‌లో కారు ఆపి, ఒకే రకం ఇళ్ళ మధ్య గోంగూర కుండీలు వెతుక్కుంటూ నడిచాను. కనబడ్డాయి. బెల్లు కొడితే కొడుకు తలుపు తీశాడు. నేనెవరో చెప్పగానే ఆయన మొహం బిగుసుకుంది.

"లుక్, నేను ఎవర్నీ బ్లేమ్ చెయ్యట్లేదు. అమ్మ కూడా మాకు చెప్పాల్సింది. బట్ మీరు అడగాల్సింది కదా, ఆయన కండిషన్ ఏంటని. యూ వర్క్ ఇన్ ఫుడ్," అన్నాడు.

"అవునండి. అడగాల్సింది," అన్నాను.

ఆయన పక్కకు తప్పుకున్నాడు.

అంకుల్‌ను అంతకు ముందు నేను చూడలేదు. హాల్లో కిటికీ పక్కన కాళ్ళు స్టూలు మీద చాపుకుని కూర్చున్నారు. సన్నటి మనిషి. కాళ్ళ వాపు తీసింది గానీ చర్మం మీద మేజోళ్ళ గుర్తులు ఇంకా లోతుగా ఉన్నాయి. ఆంటీ వంటింట్లో ఉంది. నా గొంతు విని కూడా వెంటనే ఇవతలికి రాలేదు. నేను నేల మీద కూర్చుని, తప్పు నాదని, క్షమించమని చెప్పాను.

ఆయన కిటికీలోంచి చూస్తూనే అన్నారు. "ఇదివరకు గుండెకని హాస్పిటల్లో ఉండి వచ్చాక, తిండి మీద యావ పోయిందమ్మా. బతకటానికి నమలటమే. నీ ముద్ద వేసిన ఆ వారాలు మాత్రం కంచం ముందు కూర్చోబుద్ధయింది."

"అట్టా అనమాకండి. ఆ మాటే వద్దు నాకు," అంది వంటింట్లోంచి ఆంటీ. అప్పుడు బయటికి వచ్చి, నాకు కాఫీ ఇచ్చి, ఎదురుగా కూర్చుంది. లేచేటప్పుడు నంబరడిగితే ఇచ్చింది.

ఆ తర్వాత నేను ఒక తెలివితక్కువ పని చేశాను. ఉప్పు బాగా తగ్గించి ఒక చిన్న తొట్టి మీసో పెట్టాను. అంకుల్ తినగలిగేది చెయ్యాలని. పని వేళలయ్యాక గింజలు నానబెట్టి, ఉడికించి, బొటనవేలికీ చిటికెనవేలికీ మధ్య నలిగేదాకా చూసి, బియ్యం రెట్టింపు వేశాను. ముద్దలు చేసి గాలి చొరకుండా తొట్టిలోకి గట్టిగా విసిరాను. షెడ్డులో ఒక మూల పెట్టి రోజూ చూసుకునేదాన్ని. మూడు వారాలకే మూత ఉబ్బింది. తెరిస్తే పుల్లటి సారా వాసన కొట్టింది. పైన పచ్చని బూజు తెట్టెలా కట్టింది. షెడ్డు వెనక గుంట తీసి పారబోస్తుంటే మా యజమాని వచ్చి నిలబడ్డాడు.

"నేనూ మూడుసార్లు ప్రయత్నించాను, మా అమ్మ కోసం," అన్నాడు. పార అందుకుని, కర్ర మీద ఆనుకునే మట్టి కప్పాడు. ఏడేళ్ళలో ఆయన తన ఇంటి మనిషి గురించి నాతో అన్నది ఆ ఒక్క మాటే.

డబ్బాల మీద కాగితం మార్చాం. ఇది ఉప్పగా ఉంటుందని, గుండె, కిడ్నీ, బీపీ ఉన్నవాళ్ళు డాక్టర్ని అడిగి తినాలని ముందు వైపే పెద్ద అక్షరాల్లో వేయించాం. బల్ల మీద తెలుగులోనూ ఒక కాగితం రాసిపెట్టాను. రుచి చూసేవాళ్ళను ముందు ఆరోగ్యం సంగతి అడుగుతాను. కొందరు విసుక్కుంటారు. నేనూ రోజుకొక చిన్న కప్పే తాగుతాను.

ఆంటీ ఆ తర్వాత రెండుసార్లు మార్కెట్‌కు వచ్చింది. కుర్చీలో కూర్చుంది. నిమ్మకాయ, వేయించిన జీలకర్ర, ఉల్లికారంతో ఉప్పు లేకుండా ఎలా నెట్టుకొస్తోందో చెప్పింది. కానీ ఏం చెప్పినా మధ్యలో ఆగి నా మొహంలోకి చూసేది, ఇది చెప్పొచ్చా అన్నట్టు. నేనూ అంతే. ఏ మాట అన్నా ముందు తూచుకునేదాన్ని. మునుపటిలా మాటలు వాటంతటవి దొర్లలేదు. అది ఎవరి తప్పూ కాదు. చలికాలం వెళ్ళేసరికి కొడుకుకు అడిలైడ్‌లో ఉద్యోగం వచ్చింది, అందరూ వెళ్ళిపోయారు. వెళ్ళేముందు ఆవిడ ఫోన్ చేసి చెప్పింది. గోంగూర కుండీలు పక్కింటివాళ్ళకిచ్చానంది. నాకిస్తే బాగుండేదనిపించింది, కానీ నా వాటాకు ఎండ రాదు.

అప్పుడప్పుడు నేనే ఫోన్ చేస్తాను. అక్కడ గుడిలో ఆవిడకు స్నేహితులు దొరికారు. ఒక్కోసారి వెనక నుంచి నవ్వులు వినబడతాయి, మళ్ళీ చేస్తానమ్మా అంటుంది. సంతోషమే. ఫోన్ పెట్టేశాక గదిలో ఫ్రిజ్ చప్పుడు కొంచెం పెద్దగా వినిపిస్తుంది.

పోయిన నెల ఒక శనివారం మధ్యాహ్నం చేస్తే అంకుల్ ఎత్తారు. ఆయన ఫోన్లో మాట్లాడటం అదే మొదలు.

"ఆవిడ గుడికి పోయిందమ్మా. నేనొక్కణ్ణే ఉన్నాను," అన్నారు.

"ఒంట్లో ఎలా ఉంది అంకుల్?"

"ఉంది. నడుస్తున్నాను. వీధి చివరి దాకా పోయి వస్తాను." ఆయన పెట్టేస్తారనుకున్నాను. పెట్టలేదు. "ఇవాళ ఏం వండుకున్నావు?" అన్నారు.

రెండున్నరవుతోంది. పొద్దున టీ తాగి, మళ్ళీ పడుకుని, అప్పుడే లేచాను. ఏదో ఒకటి చెప్పేద్దామనుకున్నాను.

"ఏం వండలేదు అంకుల్," అన్నాను.

"నేనూ ఇంకా తినలా. ఆవిడ పెట్టిపోయింది, మూత కూడా తియ్యలేదు," అన్నారు. "ఒక పని చెయ్యి. నువ్వు వండుకో. నేను ఫోను ఇట్టా పక్కన పెట్టుకుంటాను. నీది ఉడికినాక ఇద్దరం తిందాం."

సరేనన్నాను. ఫోను గట్టు మీద పెట్టి, స్పీకరు నొక్కి, బియ్యం కడిగాను. అక్కడ ఆయన ఏదో పేపరు తిప్పుతున్న చప్పుడు వినబడుతూనే ఉంది.